కారేది గనకే కారు

ఇంగ్లీషువాడు ఏ ఉద్దేశంతో ఆ పేరు పెట్టుకున్నాడో గానీ, తెలుగు చెవికి మాత్రం కారు అంటే కారేదని అర్థం. పాత అంబాసిడర్ నిలిపిన గచ్చును ఒకసారి చూస్తే ఈ వ్యుత్పత్తిని ఏ వ్యాకరణ పండితుడూ కాదనలేడు. అయినా తెల్లారి లేచి ఆ నల్లటి మరక కనబడగానే యజమాని గుండె జారిపోతుంది. బండిని షెడ్డుకు తోలుకుపోతాడు. మెకానిక్కు కిందకి దూరి, బనీను గుడ్డతో తుడిచి, వేలికంటిన నూనెను వాసన చూసి, పెదవి విరిచి, "ఇంజను దించాల్సిందే సార్" అంటాడు. దించుతారు. బిల్లు చూశాక యజమాని ముఖం కూడా దిగుతుంది. నెల తిరక్కుండా అదే చోట అదే మరక. ఇంత తతంగానికి మూలం ఒక అపార్థమని నా అనుమానం. పాత ఇంజనుకు నూనె కారడం రోగం కాదు, పుట్టుమచ్చ. ఆ మచ్చకు ఆపరేషన్లు చేయించే హడావిడిలో, చుక్క కూడా కారకుండా లోపల్లోపల ప్రాణం తీసే జబ్బుల్ని మనం గాలికొదిలేస్తున్నాం.

పుట్టుమచ్చ అని ఊరికే అనలేదు. కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో 1950ల చివర్నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్‌కు తాతగారు బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దానికి చాలా ఏళ్లపాటు గుండెకాయగా ఉన్నది 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజను. ఈ ఇంజనులో క్రాంక్ షాఫ్ట్ వెనక కొస దగ్గర, ఇవాళ్టి బండ్లలో ఉన్నట్టు రబ్బరు సీలు ఉండదు. షాఫ్ట్ మీదే మర చుట్లు కోసి ఉంటాయి. షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ ఆ చుట్లు బయటికి రాబోయే నూనెను లోపలికి తోలుతుంటాయి. చాలా తెలివైన ఏర్పాటే, కాకపోతే ఇంజను ఆగిన మరుక్షణం కాపలావాడు కూడా డ్యూటీ దిగిపోతాడు. ఇక రాత్రంతా నూనెగారికి తలుపు తీసే ఉంటుంది. ఇది చేసినవాళ్లకు తెలియదా అంటే, బాగా తెలుసు. వాళ్లదే మోరిస్ మైనర్‌లో క్లచ్చు ఉండే బెల్ హౌసింగ్ అడుగున ఓ రంధ్రం పెట్టి, అది మడ్డితో పూడిపోకుండా కదులుతూ ఉండేలా ఓ స్ప్లిట్ పిన్ను కూడా వేలాడదీశారు. కారుతుందని తెలిసి, కారేదానికి దారి చూపి, ఆ దారి మూసుకుపోకుండా కాపలా కూడా పెట్టారన్నమాట. పక్క వీధి దొరగారు జాగ్వార్‌ది ఇంకో పద్ధతి: ఎక్స్‌కే ఇంజనులో చాలాకాలం వెనక సీలంటే తాడు ముక్కే. తాడుతో కట్టిన ఆనకట్ట ఎంత నీరాపుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు.

పోనీ, ఎంత పోతోందో లెక్క చూద్దాం. చుక్క అంటే మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు అనుకుంటే, రాత్రికి ఇరవై చుక్కలు పడ్డా ఒక్క మిల్లీలీటరు. గచ్చు మీద అది పరుచుకుని హత్య జరిగిన చోటులా కనిపిస్తుంది గానీ, ఏడాది పొడుగునా అలా కారినా పోయేది 365 మిల్లీలీటర్లు, ఒక ఎండాకాలం ఆవకాయ జాడీ పైన తేలేంత. అదే బోరుకొచ్చిన ఇంజనైతే లోపల్లోపలే ఇంతకి ఎన్నో రెట్లు తాగేసి నీలిపొగగా వదులుతుంది. గచ్చు మీద మాత్రం మరకుండదు. గచ్చు శుభ్రంగా ఉందని సంబరపడే యజమాని డిప్‌స్టిక్ తీసి చూడడు.

ఇంజన్ల వంశచరిత్ర తిరగేసినా నూనెకు కట్టుదిట్టం మొదట్నుంచీ తక్కువేనని కనిపిస్తుంది. ఒకటిన్నర కోట్లమందికి చేరిన ఫోర్డ్ మోడల్ టీలో ఆయిల్ పంపు లేదు, ఫిల్టరు లేదు, డిప్‌స్టిక్కూ లేదు. ఫ్లైవీలు తిరుగుతూ నూనెను చిమ్ముతుంది, దొరికినవాడికి దొరికినంత. నూనె ఎంతుందో తెలియాలంటే బండి కిందికి వంగి పైదొకటి కిందిదొకటిగా ఉన్న రెండు కుళాయిలు తిప్పి చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరిన రోటరీ ఇంజన్ల విమానాల సంగతి ఇంకా ఘనం. వాటికి పోసింది సాక్షాత్తూ మన ఆముదం, ఎందుకంటే అది పెట్రోలులో సులువుగా కలవదు. లోపలికెళ్లిన ఆముదం తిరిగి వాడుకలోకి రాకుండా పొగతో కలిసి బయటికే పోయేది, వెనక కూర్చున్న పైలట్ ముఖం మీదకి. ఆముదం లోపలికెళితే మనిషికి ఏమవుతుందో చిన్నప్పుడు ముక్కు మూసి తాగించుకున్నవాళ్లకు వివరించనక్కర్లేదు. క్యాస్ట్రాల్ అన్న పేరుకు కూడా ఆ ఆముదమే మూలం. ఆముదంలో మసి కలిపిన కందెనను గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసుకుని బయల్దేరిన మన రైతు, ఇరుసు నుంచి నూనె కారుతోందని ఏనాడూ దిగులు పడలేదు. ఇరుసు ఎండితేనే దిగులుపడ్డాడు. బండి గురించి మనకన్నా అతనికే ఎక్కువ తెలుసు.

కారితే కారనివ్వమనే ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. కారిన నూనె క్లచ్చు ప్లేటుకంటితే క్లచ్చు జారుతుంది, ఎర్రగా కాగిన ఎగ్జాస్టు మీద పడితే నిప్పంటుకోవచ్చు. నిజం. చుక్కలు పోయి ధార మొదలైతే పుట్టుమచ్చ కాస్తా పుండయినట్టే, అప్పుడు ఇంజను దించక తప్పదు. కానీ దించేముందు ఒక్కటి చూడాలి. పిస్టన్ల పక్కనుంచి జారే వాయువులు బయటికి పోవడానికి ఇంజనుకు బ్రీదర్ గొట్టం ఉంటుంది. అది మడ్డితో మూసుకుపోయిందా, లోపల ఒత్తిడి పెరిగి, విజిల్ మూసుకుపోయిన కుక్కర్లో పప్పులా నూనె దొరికిన సందు నుంచల్లా ఎగజిమ్ముతుంది. పుల్ల పెట్టి పొడిస్తే తీరే పనికి సీళ్లు, గాస్కెట్లు మార్చుకుంటూ పోయేవాళ్లను చూసి కుక్కరైనా నవ్వుతుంది.

ఇక కనబడని జబ్బులు. వీటిలో మొదటిది అభిమానం. "పాత బండి సార్, అందుకే ఖరీదైన కొత్త సింథటిక్ నూనె పోయిస్తున్నా" అంటారు. ఆ ఇంజనులో క్యామ్ షాఫ్టు, ట్యాపెట్లు ఒకదానిపై ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. ఆ రాపిడిలో వాటిని కాపాడేది నూనెలో కలిపే జింకు, ఫాస్ఫరస్‌ల మందు. కొత్త బండ్ల సైలెన్సర్‌ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ఫాస్ఫరస్ పడదు. అందుకే 2004లో వచ్చిన ప్రమాణాలు పలుచటి గ్రేడు నూనెల్లో ఫాస్ఫరస్ 0.08 శాతం మించకూడదన్నాయి. కొత్త బండి ఊపిరితిత్తుల కోసం వండిన పథ్యాన్ని పాత బండికి పెట్టి, ట్యాపెట్లు టకటకమంటుంటే ముచ్చటపడటం ఏం అభిమానం? సింథటిక్ కావడంలో తప్పేం లేదు, పలుచన కావడమే తప్పు. సందులు విశాలంగా ఉన్న ఆ కాలపు ఇంజనుకు 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటిదే తగినది. రెండో రకం అభిమానులు దీనికి ఎదురు కొస: "పాత బండికి పాతకాలపు నూనే పోయాలి, డిటర్జెంటు వద్దు" అంటారు. డిటర్జెంటు లేని నూనె చాలాకాలం తేటగానే కనిపిస్తుంది, ఎందుకంటే మడ్డినంతా నూనె తొట్టి అయిన సంప్ అడుగున పేర్చి పెడుతుంది. డిటర్జెంటు నూనె నల్లబడితే పని చేస్తోందని అర్థం. ముప్ఫై ఏళ్ల మడ్డి ఉన్న ఇంజనుకు ఒక్కసారిగా పోస్తే ఆ గడ్డలన్నీ ఊడి నూనె దారుల్లో ఇరుక్కుంటాయన్న భయంలో మాత్రం న్యాయముంది. అప్పుడు సంప్ విప్పి కడగాలి, మొదటి మార్పు త్వరగా చేయాలి. తలంటుకు ముందు నలుగు పెట్టమన్నట్టు.

అన్నిటికన్నా మహా జబ్బు భక్తి. దసరాకు నిమ్మకాయ తొక్కించి, పది నిమిషాలు స్టార్టు చేసి ఆపి, మళ్లీ కవరు కప్పేవాళ్లు బండిని కాపాడుతున్నామనుకుంటారు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో కొంత నూనెలో చేరుతుంది. అరగంటైనా రోడ్డు మీద తిరిగితే నూనె కాగి ఆ తడి ఎగిరిపోతుంది. పది నిమిషాల పూజలో అది అక్కడే ఉండిపోయి, మూత తీస్తే మజ్జిగలా కనిపిస్తుంది. ఆపైన కాలిన వాయువులతో కలిసి ఆమ్లమై బేరింగులను నాకేస్తుంది. తిరగని బండికి కూడా ఏడాదికోసారి నూనె మార్చమనేది ఇందుకే. "కిలోమీటర్లే తిరగలేదు కదా" అన్న వాదన ఫ్రిజ్‌లో మూడు నెలలున్న సాంబారు విషయంలో ఎవరూ చెయ్యరు.

ఆఖరి అభ్యంతరం పర్యావరణానిది, దానికి నా దగ్గర తిరుగు సమాధానం లేదు. కారే నూనె వాన నీటిలో కలవకూడదు, అంతే. బండి కింద ఓ పాత రేకు ట్రే పెట్టి, లోపల అట్టముక్క వేస్తే సరి. ఆ అట్టే రోజూ పొద్దున్న చదువుకునే పంచాంగం. నల్లటి చుక్క ముందు వైపు పడితే టైమింగ్ కవరు, నడుమ పడితే సంప్ గాస్కెట్, వెనక పడితే మన కాపలావాడు. చిక్కగా, గంధకం కంపు కొడుతూ పడితే గేర్ ఆయిలు. ఇవన్నీ చదివి, డిప్‌స్టిక్ చూసుకుని, నింపాదిగా కాఫీ తాగొచ్చు. కానీ చక్రం లోపలి వైపు ఎక్కడైనా తేటగా, పలుచగా, నీళ్లలాంటి తడి కనిపిస్తే అది ఇంజను నూనె కాదు, బ్రేక్ ఆయిలు. ఆ పూట బండి తీయకండి, ఆటో పిలవండి.