నిద్రపోని పరికరాలు, పొదుపరి డ్రైవర్లు

పరికరానికి పని లేనప్పుడు కరెంటు తగ్గించి, పని తగిలిన క్షణంలో మళ్లీ లేపే ఏర్పాటును లినక్స్ కెర్నెల్‌లో రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ అంటారు. మూత మూసినప్పుడు కంప్యూటర్ మొత్తం నిద్రలోకి వెళ్లే సస్పెండ్ వేరు. ఇది యంత్రం నడుస్తుండగానే సౌండ్ చిప్పో, కెమెరానో, యూఎస్‌బీ హబ్బో విడివిడిగా కునుకు తీసే పద్ధతి. రఫాయెల్ విసోత్స్కీ రూపొందించిన ఈ చట్రం 2009 డిసెంబరులో విడుదలైన 2.6.32 వెర్షన్‌తో కెర్నెల్‌లో చేరింది. అది మొదలు తమ డ్రైవర్‌కు విద్యుత్ పొదుపు సదుపాయం ఉందని చాటుకునేవారికి కొదవ లేదు. ఆ చాటింపును నమ్మనిది ఒక్క బ్యాటరీయే.

ఈ చట్రం నడిచేది ఒక లెక్క మీద. ప్రతి పరికరానికీ కెర్నెల్ ఒక వాడుక కౌంటర్‌ను ఉంచుతుంది, పరికరంతో పని పడిన డ్రైవర్ ‘గెట్’ తరగతి ఫంక్షన్‌ను పిలిచి ఆ అంకెను ఒకటి పెంచాలి, పని ముగిశాక ‘పుట్’ను పిలిచి ఒకటి తగ్గించాలి, అంకె సున్నాకు చేరి, దాని కింది పిల్ల పరికరాలేవీ మేల్కొని లేనప్పుడే సాధారణంగా పరికరాన్ని పడుకోబెట్టడం కుదురుతుంది. వచ్చినవారి పేర్లు రాసుకుని వెళ్లినవారి పేర్లు కొట్టేయని సత్రంలో ఎవరూ లేకున్నా రాత్రంతా దీపాలు వెలిగినట్టు, ఒక్క పుట్ మరచినా ఆ పరికరానికీ, దాన్ని మోసే తల్లి పరికరానికీ కలిపి జాగారమే.

మరపు మాత్రం ఎప్పుడూ పుట్ విషయంలోనే ఎందుకు కలుగుతుందన్నది ఆలోచించదగిన విషయం. గెట్ మరచిన డ్రైవర్ కరెంటు లేని చిప్పు రిజిస్టర్లను తాకుతుంది, కొన్ని ఆర్మ్ చిప్పుల మీద కెర్నెల్ అక్కడికక్కడే కూలుతుంది, కూలిన జాడలో ఆ డ్రైవర్ పేరు అచ్చవుతుంది. పుట్ మరచినందుకు లాగ్‌లో ఒక్క వాక్యమైనా రాదు; పొద్దుగూకకముందే అడుగంటిన బ్యాటరీకి బాధ్యులెవరో తేలదు. కనుక వివేకవంతుడైన డ్రైవర్ రచయిత అనుమానం తగిలిన ప్రతిచోటా ఒక గెట్ చల్లుతాడు. అంతకన్నా వివేకవంతుడు ప్రోబ్‌లో, అంటే డ్రైవర్ తన పరికరాన్ని తొలిసారి చేపట్టే ఫంక్షన్‌లో, ఒక గెట్ పిలిచి, దానికి జోడీ అయిన పుట్‌ను డ్రైవర్‌ను తొలగించే ఫంక్షన్‌లో పెట్టి, లెక్క సరిపోయిందని చేతులు దులుపుకుంటాడు. సరిపోయిన మాట నిజమే. డ్రైవర్ ఉన్నంతకాలం పరికరం నిద్రపోదన్నదొక్కటే లోటు.

చట్రం కూడా ఈ బద్ధకానికి తన వంతు చేయూతనిచ్చింది. గెట్_సింక్ అనే ఫంక్షన్ పరికరాన్ని లేపలేక విఫలమైనా కౌంటర్‌ను మాత్రం పెంచే ఉంచుతుంది. పని జరగలేదు గనుక లెక్క కూడా పడలేదని లోకరీతిగా భావించిన రచయితలు, తప్పు తిరిగి రాగానే ఫంక్షన్ నుంచి బయటపడి, పెరిగిన అంకెను అనాథగా వదిలేశారు. విఫలమైతే అంకెను తానే తగ్గించే రెజ్యూమ్_అండ్_గెట్ 2020లో, 5.10 వెర్షన్ నాటికి వచ్చింది. ఇంత చిన్న ఫంక్షన్‌కు పదకొండేళ్లు పట్టింది.

పీసీఐ పరికరాల ఏర్పాటు మరీ ముచ్చటైనది. ప్రోబ్‌ను పిలిచే ముందు కెర్నెలే వాటి కౌంటర్‌ను ఒకటి పెంచుతుంది, దాన్ని దించే బాధ్యత డ్రైవర్‌ది. అది చాలదన్నట్టు మొదటి నుంచే నిద్రను నిషేధించి, ఆ నిషేధం ఎత్తివేసే పనిని సాధారణంగా వాడుకరి వైపు వదిలేస్తుంది. అంటే ల్యాప్‌టాప్ కొన్నవారు సిస్‌ఎఫ్‌ఎస్ అనే ఫైళ్ల చెట్టులో ‘కంట్రోల్’ ఫైలును వెతికి, ‘ఆన్’ తీసి ‘ఆటో’ అని రాస్తే పొదుపు మొదలవుతుంది. ఇంటెల్ 2007లో విడుదల చేసిన పవర్‌టాప్ ఇలాంటి అమరికలకు ‘బ్యాడ్’ అని ముద్ర వేసి చూపుతుంది. తయారుచేసినవారు సరిచేయాల్సిన అమరికలను కొన్నవారు దిద్దుకోవాలన్నమాట.

నిద్రను ముందే నిషేధించే ఈ జాగ్రత్తకు కారణం లేకపోలేదు. నిద్రపుచ్చితే తిరిగి సరిగా లేవని యూఎస్‌బీ పరికరాలు ఎన్నో ఉన్నందువల్లనే, 2 సెకన్ల ఖాళీ తర్వాత నిద్రపుచ్చే అమరిక డిఫాల్టుగా ప్రధానంగా హబ్బులకే పరిమితమైంది. సాటా లింకును మరీ తక్కువ కరెంటుకు దించితే కొన్ని డిస్కుల్లో డేటా పాడైన సందర్భాలూ ఉన్నాయి. అయితే పాడు హార్డ్‌వేర్ కోసం చూపిన ఈ దయను మంచి హార్డ్‌వేర్‌కు డ్రైవర్ రాసినవారు కూడా మొహమాటం లేకుండా వాడుకుంటున్నారు.

చాటింపులో నిజమెంతో తేల్చడం కష్టమేమీ కాదని అనిపించవచ్చు. పరికరం ఎన్ని మిల్లీసెకన్లు నిద్రపోయిందో చెప్పే ‘రన్‌టైమ్_సస్పెండెడ్_టైమ్’ ఫైలు ఉండనే ఉంది. అందులో రోజంతా సున్నా కనిపిస్తే అనుమానానికి తావుండదు. సున్నా కానప్పుడే అసలు చిక్కు. కొన్ని డ్రైవర్లలో నిద్రపుచ్చే ఫంక్షన్ క్లాకును ఆపదు, రెగ్యులేటర్‌ను కట్టేయదు, ఏమీ చేయకుండా సున్నా తిరిగిస్తుంది; ఆ సున్నాకు అర్థం విజయం కనుక, పైనున్న బస్సు గానీ పవర్ డొమైన్ గానీ కరెంటు తీసేయని చోట చిప్పు ఎప్పటిలాగే తాగుతూ ఉంటుంది, స్థితిని తెలిపే ఫైలులో మాత్రం ‘సస్పెండెడ్’ అని నమోదవుతుంది.