నేల తాకని పాదాలు

వొలాంటిస్‌లో ఎన్నికల్లో గెలిచినవాడి కాలు ఏడాదిపాటు నేలకు తగలకూడదు. ఆచారం మరి! ఎక్కడికెళ్లినా ఏనుగు మీదే. ఏనుగొస్తే వీధంతా ఆగిపోవాలి. జనం గోడలకు అతుక్కోవాలి. ఎక్కడో చూసినట్టుందా? ఆగండి, తొందరపడకండి. అది కల్పిత నగరం. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవలల్లోది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అనగానే డ్రాగన్లు, తెగిపడే తలకాయలు మాత్రమే గుర్తొచ్చేవాళ్లు ఓసారి ఆ కథలోని మ్యాపు కూడా చూడాలి.

ఎస్సోస్ ఖండంలో పడమటి వైపు రోయిన్ మహానది. నది వెంటా, సముద్రం ఒడ్డునా, దీవుల మీదా తొమ్మిది నగర రాజ్యాలు. వాటికి పెట్టుకున్న పేరు ‘స్వేచ్ఛా నగరాలు’. స్వేచ్ఛట! నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, ఇక్కడ స్వేచ్ఛ అంత. వొలాంటిస్‌లో స్వేచ్ఛ ఉన్నవాడు ఒక్కడైతే బానిసలు ఐదుగురు. ఎవరి పనేమిటో అడగక్కర్లేదు, ముఖం మీదే పచ్చబొట్టు. బండి తోలేవాడికి చక్రం. వేశ్యకు కన్నీటి బొట్టు. పేడ ఎత్తేవాడికి ఈగలు. ఆధార్ కార్డు కూడా ఇంత పట్టుగా అతుక్కోదు.

పెంటోస్ మరీ విడ్డూరం. బ్రావోస్‌తో యుద్ధాల్లో ఓడిపోయి, బానిసత్వం రద్దంటూ సంతకం పెట్టింది. పెట్టింది సరే, తర్వాత? పెద్దింటి పనివాళ్ల మెడల్లో కంచు పట్టీలు అలాగే ఉన్నాయి. కాకపోతే ఇప్పుడు వాళ్లు ‘సేవకులు’. బోర్డు మార్చారు, వంట అదే! ఊరికో రాజు కూడా ఉన్నాడండోయ్. పంట పోయినా, యుద్ధం ఓడినా పీక కోసి బలిచ్చేది ఆయన్నే. అసలు పెత్తనం చేసే మేజిస్టర్ల ఒంటి మీద మాత్రం గీత పడదు. తప్పు ఒకడిది, తల ఇంకొకడిది. ఇంతకన్నా పకడ్బందీ ఏర్పాటు ఎవరైనా కనిపెట్టారా?

ఒక్క బ్రావోస్‌ను మినహాయిద్దాం. పారిపోయిన బానిసలు కట్టుకున్న ఊరది. అక్కడ బానిసలు లేరు. బ్యాంకు ఉంది. అప్పు ఎగ్గొట్టిన రాజు శత్రువుకు డబ్బిచ్చి, రాజునే మార్చేసే బ్యాంకు. మన ఎగవేతదారులు పుట్టాల్సిన ఊరు కాదులెండి.

ఇంతకీ ఆ రోయిన్ నది ఎవరిది? దాన్ని తల్లి అని పిలుచుకున్న రోయినార్ జనానిది. రెండున్నర లక్షల మందితో గారిన్ అనే రాకుమారుడు డ్రాగన్లను ఏలే వలీరియా మీదికి వెళ్తే, అటునుంచి మూడు వందల డ్రాగన్లు వచ్చాయి. సైన్యం బూడిద. గారిన్‌ను బంగారు పంజరంలో వేలాడదీశారు. పండుగల నగరమని పేరుపడ్డ క్రోయేన్‌లో ఇప్పుడు పొగమంచు, ఒళ్లు రాయైపోతున్న రోగులు, అంతే. నది మాత్రం పారుతూనే ఉంది. దాని మీద సరుకు పడవలూ పారుతూనే ఉన్నాయి. వ్యాపారం ఆగకూడదు కదా!

మళ్లీ వొలాంటిస్‌కు వద్దాం. అక్కడ ప్రతి ఏటా ఎన్నికలే. ట్రయార్క్‌లనే ముగ్గురు పాలకుల పదవుల కోసం రెండు పార్టీలు. పులులు, ఏనుగులు. పులులకు యుద్ధం కావాలి. ఏనుగులకు వ్యాపారం కావాలి. బానిసల సంకెళ్లు ఎవరికి అక్కర్లేదు? ఆ ప్రశ్న ఏ పార్టీ అడగదు. ఓటు సొంత భూమి ఉన్నవాళ్లకే. అసలు పెద్దలు రెండు వందల అడుగుల నల్లగోడల లోపల ఉంటారు. పిలుపు లేనిదే బయటివాడు గడప తొక్కకూడదు. అంత ఎత్తు గోడ వెనక నిలబడి జనం నాడి ఎలా పట్టుకుంటారో!

మార్టిన్ ఇందులో చాలావరకు వివరంగా రాసిన ఐదో పుస్తకం 2011లో వచ్చింది. ఆరోదా? వస్తోంది, వస్తోంది. ఆయనా ఈ హామీల విద్య వొలాంటిస్‌లోనే నేర్చినట్టున్నాడు.

అదిగో, ఊరేగింపు కదిలింది. ఏనుగు మీద విజేత చేతులూపుతున్నాడు. పాదాలకు మట్టి అంటలేదు. ఏనుగు దాని పని అది కానిచ్చుకుంటూ పోతోంది. వెనకాల ఒకడు పార పట్టుకుని వంగి ఎత్తుతున్నాడు. వాడి చెంప మీద ఈగలు. కొన్ని పచ్చబొట్టు, కొన్ని నిజంవి.