పునర్దర్శన ప్రాప్తిరస్తు

ఆసుపత్రినుండి ఇల్లు చేరిన హృదయవైఫల్య రోగి సాధ్యమైనంత శీఘ్రముగా మరల అదే వార్డును దర్శింపగోరునేని, అందులకు వలసిన సాధనకలాపమును సుబోధకముగా తెలుపు గ్రంథము మన భాషలో లేని లోటును తీర్చుటకై ఈ దీపిక సంకలితమైనది. ముందుగా నొక పారిభాషిక విషయము. వైఫల్యమనగా గుండె నిలిచిపోవుట గాదు, తోడిపోయు శక్తి చాలకుండుట. ఎకో పరీక్షలో ఎడమ జఠరిక ప్రతిస్పందనమునను తనలోని రక్తమున నెంతభాగమును వెలికి నెట్టుచున్నదో తెలుపు సంఖ్య ఆరోగ్యవంతులకు సుమారు 55 మొదలు 70 శాతము వఱకుండును. 40 గాని అంతకు దిగువగాని యైనచో గుండె బలహీనపడినదని వైద్యులెంచుదురు. ముప్పదియైదు మార్కులతో ఉత్తీర్ణులగుట కలవాటుపడిన మనము 35 శాతమును జూచి బెదరుట చిన్నతనము గావున, ఆ కాగితమును బీరువాలో దాచి మఱచుటయే ప్రథమ కర్తవ్యము.

తూనికను గూర్చి. ప్రాతఃకాలమున కాలకృత్యములు తీర్చుకొని, కాఫీ ఫలాహారములకు పూర్వమే ప్రతిదినమును తూగి వ్రాసికొనుమనియు, మూడు దినములలో రెండు కిలోలకు మించి పెరిగిన పక్షమున నది కండ గాక నిలిచిన నీరని యెంచి కబురు చేయుమనియు వైద్యుడు చెప్పును. మీరా యంత్రమును అటక యెక్కించి, "ఒళ్లు చేసినావు నాయనా, మొగము కళగట్టినది" అను మేనత్తగారి వాక్యమునే ప్రమాణముగా గైకొనుడు. పాదములు వాచి చెప్పులు పట్టనిచో పెద్ద చెప్పులు కొనుడు. వెల్లకిల పరుండిన ఆయాసము వచ్చుచో దిండుమీద దిండు వేయుడు. నాలుగవ దిండు నానుకొని కూర్చుండియే నిదురించు దశ సిద్ధించినచో, గమ్యము సమీపించినదని గ్రహింపవచ్చును.

లవణమును గూర్చి. దినమునకు ఐదు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదందురు. ఇచ్చట శాస్త్రార్థము సూక్ష్మముగా విచారింపదగును: వైద్యుడు నిషేధించినది ఉప్పునే గాని ఆవకాయను గాదు, అప్పడమును గాదు, చల్లమిరపకాయను మొదలే గాదు. కావున కూరను చప్పగా వండించి, ఆ త్యాగమునకు ప్రతిఫలముగా మాగాయను నిండుగా కలుపుకొని భుజించుడు. మరింత జాగ్రత్తపరులు, సోడియము తక్కువయని అమ్ము ఉప్పును వైద్యు నడుగకయే తెచ్చుకొందురు; అందు పొటాషియము చేరియుండుటయు, స్పైరనోలాక్టోను మాత్ర దేహమున నా పొటాషియమునే నిలుపుటయు, రెండును గలసి గుండెలయను తప్పింపగలుగుటయు వారికి అనుకూలించు అంశములు.

ఔషధములను గూర్చి. నీరుపోవు మాత్రయగు ఫ్యూరోసెమైడును పెండ్లిండ్లకును బస్సు ప్రయాణములకును బయలుదేరు దినములందు మానుడు. ప్రయాణమునకు తగినట్లు మాత్రవేళను మార్చుకొనవచ్చునా యని వైద్యు నడుగుట మర్యాద గాదు. బీటాబ్లాకరును కొలదిపాటితో నారంభించి వారములు గడచుకొలది పెంచుదురు గావున, తొలినాళ్ల నీరసమునకే జడిసి ఒక్కుమ్మడిగా విడిచినయెడల ఫలితము త్వరగా కాననగును. ఎనలాప్రిలువలన పొడిదగ్గు పట్టినచో, బదులు మందు వ్రాయగల వైద్యుని విడిచి, దగ్గుమందు సీసాల నాశ్రయించుడు. ఇక మోకాలి నొప్పికి, చీటి లేకయే దుకాణదారుడు దయచేయు డైక్లోఫెనాకును మించినది లేదు: అది ఉప్పును నీటిని ఒంట నిలిపి, మూత్రపిండములను నలిపి, మీ యితర ప్రయత్నములన్నిటి లోపమును తానొక్కటియే పూరించును.

ఇన్నియు చేయనోపని మందభాగ్యులు, యథావిధిగా మందులు మ్రింగి, ఆయాసము తగ్గి, మెట్లెక్కగలిగి, ఎకో సంఖ్యయు పెరిగి కోలుకొనినను నిరాశపడ నక్కరలేదు, "నయమైనది గదా, ఇంకెందుకు?" అని మందులు మానుట యను తుది యుపాయము వారికి మిగిలియే యున్నది. గుండె కండరము సాగి బలహీనమై, మందులతో కోలుకొనినవారిపై లండనులో జరిపి, 2019లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిన పరిశోధనమున, వైద్యుల కనుసన్నలలో క్రమముగా మందులు మానిన 25 మందిలో 11 మందికి ఆఱు నెలలలోనే వ్యాధి తిరుగబెట్టినది. అదే కాలమున మందులు కొనసాగించిన 26 మందిలో నొక్కరికిని ఆ భాగ్యము పట్టలేదు. మానదలచిన ప్రతివాడును తాను మిగిలిన 14 మందిలోని వాడనని నమ్మియే మానును. ఆ 11 మందియు నట్లే నమ్మియుందురు.