ఎర్ర గడి, పచ్చ గడి

పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు గోదావరి జిల్లాల్లో పిల్లాడి మార్కుల కన్నా జిల్లా స్థానం ముఖ్యం. 2019లో 98.19 శాతంతో తూర్పు గోదావరి రాష్ట్రానికే మొదటిదయ్యింది. అంతా గోదావరి నీళ్ల మహిమ అన్నారు. నూటికి ఇరవై మార్కులు బడిలోనే వేసేవారన్న సంగతి ఆ నీళ్లలోనే కలిసిపోయింది. తర్వాత ఆ ఇరవై ఎత్తేశారు. కరోనా పుణ్యమా అని రెండేళ్లు పరీక్ష రాయకుండానే అందరూ గట్టెక్కారు. 2022లో నిజంగా పరీక్ష పెడితే రాష్ట్రం 67.26 దగ్గర చతికిలబడింది. నీళ్లు మాత్రం అవే.

అదే ఏడాది ఏప్రిల్ 4న జిల్లానే ముక్కలు చేశారు. అమలాపురం కోనసీమకు, రంపచోడవరం అల్లూరి జిల్లాకు పోయాయి. కొవ్వూరు, నిడదవోలు ఏటికి పడమటి ఒడ్డునే ఉండి తూర్పు గోదావరి అయిపోయాయి. మరి 2019 నాటి మొదటి స్థానంలో ఎవరి వాటా ఎంత? పంపకాల కాగితంలో రాయడం మరిచారు. 2025లో అల్లూరి జిల్లా 47.64తో అట్టడుగున పడితే, రంపచోడవరం మన పద్దులో లేదని ఊపిరి పీల్చుకున్నాం. చదువు చెప్పక్కర్లేదు, గీత జరిపితే చాలు. కొండమీది పిల్లలకు చదువు అబ్బదని సరిపెట్టుకుందామంటే, ఆ ఏడాది 93.90తో మొదటొచ్చింది పార్వతీపురం మన్యం. ఆయ్!

ఇక బళ్ల మధ్య పోటీ. సమీక్షలో తెర మీద హైస్కూళ్ల పేర్లు, పక్కన రంగు గడులు. లంక గ్రామం బడిలో పన్నెండు మంది రాసి ఒక్కడు లెక్కల్లో పోయాడనుకోండి, 91.67. ఎర్ర గడి. పట్నం బడిలో రెండొందల మందిలో పది మంది పోతే 95. పచ్చ గడి, శాలువా.

"ఒక్క కుర్రాడేనండీ," అంటాడు లంక హెడ్మాస్టరు.

"పర్సంటేజీ చెప్పండి మాస్టారూ!"

వరదకి బడి ఎన్నాళ్లు మూతపడిందో చెప్పడానికి గడి లేదు. ఆరో తరగతిలోనే చురుకైన పిల్లల్ని ప్రైవేటు బస్సులు ఎక్కించుకుపోయిన సంగతికీ లేదు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టిన వీరేశలింగం గారు ఇప్పుడుంటే, మొదటి ఏటి శాతం ఎంతని షోకాజు నోటీసు అందుకునేవారు. రాజమండ్రిలో విగ్రహమై బతికిపోయారు.

నూటికి నూరు రావడానికి సులువైన దారి ఒకటుంది. పరీక్ష ఫీజు కట్టే రోజుల్లోనే తేలిపోయేవాణ్ణి పక్కకి పిలిచి, "ఒరే అబ్బాయ్, ఓపెన్ స్కూల్లో కట్టెయ్, హాయిగా ఉంటుంది" అంటే సరి. రాయనివాడు ఫెయిలవడు. వాడు భీమవరం పక్కన ఏ రొయ్యల చెరువులోనో మేత చల్లుతుంటే, దానికి పదో తరగతి అడగరు.

ఈ కిటుకు తెలియని ఆ లంక మాస్టారు పన్నెండోవాడి చేత కూడా పరీక్ష రాయించాడు. ఇప్పుడు మే ఎండల్లో వాణ్ణి సప్లిమెంటరీకి కూర్చోబెట్టి మళ్లీ లెక్కలు చెబుతున్నాడు. వాడు పాసైనా ఆ గడి రంగు మారదు.