పేరు చివర 'ఓల్డ్' చేరిన నేను

సి డ్రైవ్ తెరవగానే 'విండోస్' అనే ఫోల్డర్ పక్కన 'విండోస్.ఓల్డ్' అని ఒకటి కనబడుతుంది చూశారా, అది నేను. మొన్నటిదాకా ఆ మొదటి పేరు నాదే. తెనాలిలో ఒక డీటీపీ సెంటర్ కంప్యూటర్‌ని ఏళ్ల తరబడి నడిపాను. శుభలేఖలు, దశదినకర్మ కార్డులు, బడి పిల్లల ప్రశ్నపత్రాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు... ఆ షాపు నుంచి అచ్చుకెళ్లిన ప్రతి కాగితమూ నా చేతుల మీదుగా వెళ్లిందే. ఇప్పుడు ఆ పని విండోస్ 11 చూసుకుంటోంది. నేను ఇరవై జీబీ పైచిలుకు చోటు పట్టుకుని ఓ పక్కన ఉన్నాను. నన్ను తీసెయ్యాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. తీసేముందు నాలో ఏం చూసుకోవాలి, ఏ దారిన తీయాలి అన్నదే నేను చెప్పవలసింది.

విండోస్.ఓల్డ్ అనే పేరు విస్టా రోజుల నుంచీ ఉంది. నేను మాత్రం 2015 జూలై 29న విడుదలైన విండోస్ 10 కుటుంబం. మా షాపు కంప్యూటర్‌ది ఎనిమిదో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్. 128 జీబీ ఎస్ఎస్‌డీ సి డ్రైవ్. విడిగా ఉన్న పెద్ద హార్డ్ డిస్క్ డి డ్రైవ్. తెలుగు పట్టణాల్లో ఏ డీటీపీ షాపుకెళ్లినా కనిపించే జోడీయే నా మీదా నడిచింది: పేజ్‌మేకర్ 7, అనూ ఫాంట్లు. 2001 నాటి ఆ పేజ్‌మేకర్‌ని నా చివరి రోజు దాకా మోశాను. మా యజమానురాలు కీబోర్డు వైపు చూడకుండా తెలుగు కొట్టేది. ఆమె అలవాటు ఒక్కటే నన్ను కలవరపెట్టేది. చేసిన ప్రతి కార్డునూ డెస్క్‌టాప్ మీదే సేవ్ చేసేది. డెస్క్‌టాప్ అంటే తెర మీద కళ్లెదుట ఉండే చోటని చాలామంది అనుకుంటారు. నిజానికి అది సి డ్రైవ్‌లో, యూజర్స్ ఫోల్డర్ లోపల ఉండే ఒక మామూలు ఫోల్డరే. సి డ్రైవ్‌కి ఏమైనా అయితే ముందు పోయేది అదే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. ఆ మర్నాడు నేనేమీ ఆగిపోలేదు, రోజూలాగే లేచాను. కానీ నెలనెలా అందరికీ వచ్చే భద్రతా సవరణలు ఆగాయి. జనం ఆధార్ కార్డులు, బ్యాంకు కాగితాలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ప్రింటు తీయించుకునే షాపు అది. అలాంటి చోట సవరణలు అందని నన్ను ఉంచుకోవడం మంచిది కాదు. మార్చడమే సరైన పని.

మార్పు జరిగిన తీరు చెబుతాను. కొత్త వెర్షన్ ముందుగా '$విండోస్.~బీటీ' అనే దాపుడు ఫోల్డర్‌లోకి దిగింది. కంప్యూటర్ రీస్టార్ట్ అయింది. నన్నూ, నాతోపాటు ఉన్న పాత ప్రోగ్రామ్ ఫైళ్లనూ కొత్తగా పుట్టిన విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి జరిపారు. ఆ తర్వాత కొత్త విండోస్ తన ఫైళ్లు పరుచుకుని, మనుషులు చేసుకున్న ఫైళ్లనూ, ప్రోగ్రాములనూ, సెట్టింగులనూ తనవైపు తెచ్చుకుంది. డెస్క్‌టాప్ మీది శుభలేఖలు ఎక్కడివక్కడే కనిపించాయి.

మరి నన్నెందుకు ఉంచారు? కొత్తది నచ్చకపోతే, లేదా ప్రింటరో పాత సాఫ్ట్‌వేరో మొరాయిస్తే, వెనక్కి వెళ్లడానికి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ తెరిస్తే 'గో బ్యాక్' అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే మళ్లీ లేచేది నేనే. ఈ గడువు మొదట్లో 30 రోజులుండేది; 2016 ఆగస్టులో వచ్చిన వెర్షన్ నుంచి 10 రోజులకు తగ్గించారు. తెలిసినవాళ్లు డిజమ్ అనే ఆదేశంతో దాన్ని 60 రోజుల దాకా పెంచుకోవచ్చు, కానీ ఆ పని మొదటి గడువు తీరకముందే చేయాలి. గడువు దాటాక కంప్యూటరే నన్ను తనంతట తాను తీసేస్తుంది. కాబట్టి డ్రైవ్‌లో చోటు చాలినంత ఉంటే నా జోలికి రావలసిన అవసరమే లేదు. చాలామందికి ఈ సంగతి తెలియక అనవసరంగా హైరానా పడుతుంటారు.

మా షాపులో చోటు చాల్లేదు. సి డ్రైవ్ గీత ఎర్రబడింది. ఖాళీ పదోవంతు కన్నా తగ్గితే ఆ గీతకు ఎరుపు వస్తుంది. పేజ్‌మేకర్ తాత్కాలిక ఫైళ్లకు కూడా చోటు లేక ఉక్కిరిబిక్కిరయింది. ఆ సాయంత్రం యజమానురాలి మేనల్లుడు వచ్చాడు.

"అత్తా, ఓల్డ్ అని పేరే చెబుతోంది కదా. షిఫ్ట్ డిలీట్ కొట్టేస్తా, ఇరవై జీబీ ఖాళీ అవుతుంది."

"ఏమోరా, నా కార్డులేమన్నా పోతాయేమో."

"పోవులే అత్తా."

కొట్టాడు. కొన్ని ఫైళ్లు పోయాయి, మిగతా వాటి దగ్గర ఆగిపోయింది. అనుమతి కావాలని పెట్టె తెర మీదికి వచ్చింది. నాలోని చాలా ఫైళ్లకు యజమాని మనిషి కాదు, 'ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్' అనే సేవ. విస్టా నుంచి వచ్చిన కాపలా అది; వైరస్ గానీ, తొందరపాటు చెయ్యి గానీ సిస్టమ్ ఫైళ్లను చెరపకుండా అడ్డుపడుతుంది. మేనల్లుడు ఫోన్‌లో వెతికి, యాజమాన్యాన్ని లాక్కునే ఆదేశం ఒకటి పట్టుకున్నాడు. దాన్ని కొట్టబోతుంటే యజమానురాలు అతన్ని ఆపి, కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడికి ఫోన్ చేసింది.

"అక్కా, వద్దనండి. చెయ్యి తీసెయ్యమనండి. నేను వస్తున్నా" అన్నాడతను.

ఆ కుర్రాడి మాటల్లో కంగారు నాకు అర్థమైంది. నా లోపల అన్నీ పాత ఫైళ్లే అనుకుంటారు గానీ, కొన్ని లింకులు కూడా ఉంటాయి. యూజర్స్‌లో 'ఆల్ యూజర్స్' అనే పేరుంటుంది. అది ఫోల్డర్‌లా కనిపించినా ఫోల్డర్ కాదు, సి డ్రైవ్‌లోని ప్రోగ్రామ్‌డేటాకు వేసిన లింకు. ఆ ప్రోగ్రామ్‌డేటా ఇప్పుడు కొత్త విండోస్ వాడుకుంటున్నది. లింకును లింకుగా గుర్తించని ఆదేశమో ఉచిత క్లీనరో నాలోకి దిగిందంటే, పాతది చెరుపుతున్నాననుకుంటూ పనిచేస్తున్న దాని మీద చెయ్యి వేయగలదు. విండోస్ సొంత పనిముట్టుకు ఈ తేడా తెలుసు. నన్ను మామూలు ఫోల్డర్‌లా చెరపొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

కుర్రాడు వచ్చి ముందు కూర్చుని చూశాడు తప్ప ఏదీ తీసెయ్యలేదు. ప్రింటరులో ఒక పేజీ తీశాడు. పేజ్‌మేకర్ తెరిచి పాత శుభలేఖ ఒకటి విప్పి, ఒత్తులూ గుణింతాలూ సరిగా పడుతున్నాయో లేదో చూశాడు. స్కానర్ నడిపాడు. "అన్నీ పనిచేస్తున్నాయి కాబట్టి వెనక్కి వెళ్లే అవసరం రాదక్కా. ఒకవేళ ఏదైనా తేడా ఉంటే మాత్రం దీన్ని కదిలించేవాణ్ణి కాదు" అన్నాడు. ఆ తర్వాత నాలోకి వచ్చి యూజర్స్ ఫోల్డర్ తెరిచి ఒక్కొక్కటీ వెతికాడు.

ఎందుకు వెతికాడో అతనే ఆమెకు చెప్పాడు. వేరే షాపులో ఒకరు అప్‌గ్రేడ్ చేయకుండా, డ్రైవ్‌ని ఫార్మాట్ కూడా చేయకుండా, దాని మీదే విండోస్ కొత్తగా వేశారట. అలా వేస్తే కొత్త విండోస్ ఏదీ తనవైపు తెచ్చుకోదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫొటోలు, బ్రౌజర్‌లోని సంగతులు మొత్తం నాలాంటి ఫోల్డర్‌లోకే వెళ్తాయి. ఫాంట్లు కూడా. ఆ షాపువాళ్లు ఖాళీ డెస్క్‌టాప్ చూసి గొల్లుమన్నారట. ఇతను వెళ్లి విండోస్.ఓల్డ్‌లోని యూజర్స్ నుంచి కార్డులన్నీ, దానిలోని విండోస్ ఫోల్డర్‌లో ఉన్న ఫాంట్స్ నుంచి తెలుగు ఫాంట్లనూ డి డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇచ్చాడట. చోటు కావాలని ముందే దాన్ని తీసేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఈ శుభ్రం చేసే పనిలో పోయినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు. పైగా ఎస్ఎస్‌డీ చెరిపిన చోటును ట్రిమ్ అనే పద్ధతిలో వెంటనే తుడిచి సిద్ధం చేసుకుంటుంది కాబట్టి, రికవరీ సాఫ్ట్‌వేర్ మీద ఆశ పెట్టుకోకూడదు.

ఈలోగా మేనల్లుడు ఇంకో ఫోల్డర్ చూపించాడు. కొత్త విండోస్ లోపల ఉండే 'విన్‌ఎస్ఎక్స్ఎస్'. "అన్నా, ఇది కూడా పది జీబీ పైనే ఉంది. తీసేద్దామా?" ఈ ప్రశ్న దగ్గర నేను ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఎన్నో కంప్యూటర్లు లేవకుండా పడిపోయింది ఈ ఫోల్డర్‌ని తీసేయడం వల్లే. విండోస్ నడవడానికి కావలసిన భాగాలన్నిటికీ అది మూలస్థానం. అక్కడి ఫైళ్లు చాలావరకు విండోస్ లోపలి 'సిస్టమ్32' అనే ఫోల్డర్‌లో కనిపించేవే. హార్డ్ లింకు అనే పద్ధతిలో ఒకే ఫైలుకు రెండు పేర్లుంటాయి. ఒకే మనిషిని ఇంట్లో చిన్నా అని, రేషన్ కార్డులో సుబ్బారావని రాస్తే ఇద్దరు మనుషులైపోరు కదా. ఎక్స్‌ప్లోరర్ మాత్రం రెండు చోట్లా లెక్కేసి ఎక్కువ చూపిస్తుంది. నిజమైన లెక్క కావాలంటే అడ్మినిస్ట్రేటర్ హక్కుతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డిజమ్ ఆదేశానికి 'ఎనలైజ్ కాంపొనెంట్ స్టోర్' అనే మాట జోడించాలి. శుభ్రం చేయాలో అక్కరలేదో కూడా అదే చెబుతుంది. 'స్టార్ట్ కాంపొనెంట్ క్లీనప్' అంటే పాతబడిన భాగాలను తీస్తుంది. దానికి 'రీసెట్ బేస్' చేర్చారంటే ఇప్పటిదాకా వేసిన అప్‌డేట్లను ఇక వెనక్కి తీయలేరు. మామూలు షాపుకి ఆ అవసరం లేదు. విండోస్ లోపలి 'ఇన్‌స్టాలర్' అనే దాపుడు ఫోల్డర్‌నూ ముట్టకూడదు. అది పోతే ప్రోగ్రాములను తీసేయడం గానీ సరిచేయడం గానీ కుదరదు.

నెలనెలా దిగే అప్‌డేట్ల సంగతి చిన్నది. వాటికి నాలాంటి ఫోల్డర్ పుట్టదు. దింపుకున్న ఫైళ్లు 'సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్' అనే చోట 'డౌన్‌లోడ్'లో ఉంటాయి. అప్‌డేట్ పదేపదే మొరాయిస్తే విండోస్ అప్‌డేట్, బిట్స్ అనే రెండు సేవలను ఆపి, ఆ డౌన్‌లోడ్ ఫోల్డర్ లోపలివి తీసేసి, సేవలను మళ్లీ మొదలుపెట్టవచ్చు. మొరాయించకపోతే వాటి మానాన వాటిని వదిలేయడమే మేలు.

నన్ను తీసేందుకు రెండు మంచి దారులున్నాయి. ఒకటి విండోస్ 98 నాటి నుంచి ఉన్న డిస్క్ క్లీనప్. అది తెరిచాక 'క్లీనప్ సిస్టమ్ ఫైల్స్' బటన్ నొక్కితే తప్ప నా పేరు జాబితాలోకి రాదు. రెండోది సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. మా కుర్రాడు ఈ దారే పట్టాడు. 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్' ఎదురుగా ఉన్న గడిలో టిక్ పెట్టాడు. ఆ జాబితాలోనే 'డౌన్‌లోడ్స్' అని ఒక గడి ఉంది. యజమానురాలికి దాన్ని వేలితో చూపించి, "దీన్ని మాత్రం ఎప్పుడూ టిక్ చేయొద్దక్కా" అన్నాడు. అది అప్‌డేట్ల చెత్త కాదు. వాట్సాప్ వెబ్‌లో జనం పంపిన పెళ్లికొడుకు ఫొటోలు, రేపు అచ్చువేయాల్సిన మ్యాటరు ఉండే ఫోల్డర్. 2018 అక్టోబర్‌లో వచ్చిన 1809 వెర్షన్‌లో ఇది డిస్క్ క్లీనప్ జాబితాలోకి కూడా చేరింది; 2020లో అక్కడి నుంచి తీసేశారు. ఆ తీసేయడం మంచి నిర్ణయం. సెట్టింగ్స్‌లో అది ఇప్పటికీ ఉంది కాబట్టి కళ్లతో చూసుకోవాల్సిందే.

ఆఖరి బటన్ మాత్రం అతనప్పుడే నొక్కలేదు. అంతసేపూ కరెంటు వస్తూ పోతూ ఉంది, షాపు యూపీఎస్‌లో బ్యాటరీ బలహీనంగా ఉంది. ఈ శుభ్రం సగంలో ఉండగా కరెంటు పోకూడదన్నాడు. డెస్క్‌టాప్ మీది కార్డులన్నీ డి డ్రైవ్‌కి ఒక ప్రతి, పెన్‌డ్రైవ్‌కి ఒక ప్రతి చేయించి, మర్నాడు బ్యాటరీ తెచ్చి మిగతాది కానిస్తానని వెళ్లాడు. ఒక్కరోజు ఆలస్యమైనా అదే సరైన పని. ఎర్ర గీత ఒక రాత్రి ఆగగలదు.

మీ కంప్యూటర్‌లోనూ నాలాంటి ఫోల్డర్ ఉంటే నాదొక్క మనవి. కొత్త విండోస్‌లో మీ ప్రింటర్, మీ పాత సాఫ్ట్‌వేర్, మీ ఫాంట్లు పనిచేస్తున్నాయో లేదో ముందు చూసుకోండి. నాలోని యూజర్స్ ఫోల్డర్ తెరిచి మీదేదైనా మిగిలిపోయిందేమో వెతకండి, ఉంటే వేరే డ్రైవ్‌లో దాచుకోండి. ఆ తర్వాత సెట్టింగ్స్ దారిలోనే నన్ను తీసేయండి.