సెలవు చీటీకి సంజీవని

(ఒక కాంపోజిషన్‌కు ప్రతిపదార్థ, తాత్పర్య, విశేష సహిత వ్యాఖ్య)

అవతారిక

ఇంగ్లిషు నేర్చుకునే పిల్లల రాతను దిద్దడమెలాగో విచారించడానికి ఈ వ్యాఖ్య ఆరంభమవుతున్నది. మూలగ్రంథం పెద్దదేమీ కాదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె కాంపోజిషన్ నోట్‌బుక్కులో రాసిన సెలవు చీటీ, మొత్తం అయిదు వాక్యాలు. జ్వరం వచ్చినట్లు ఊహించుకుని క్లాస్ టీచరుకు చీటీ రాయమన్నారు. ఊహించడమెందుకని, జరిగిందే రాసినట్టుంది ఈ పిల్ల.

అనుబంధ చతుష్టయం చెప్పనిదే వ్యాఖ్య మొదలుపెట్టకూడదని పెద్దలు అన్నారు. కనుక: విషయం, జ్వరం. ప్రయోజనం, రెండు రోజుల సెలవు. సంబంధం, గురుశిష్య సంబంధం. అధికారి, అంటే దీన్ని చదవడానికి అర్హుడు ఎవరన్నది వివాదాస్పదం. అది ముందు ముందు తేలుతుంది.

ఈ మూలానికి ఇదివరకే ఒక వ్యాఖ్య ఉంది. అది ఎర్రసిరాతో ఉంది. మాది దాని మీద ఉపవ్యాఖ్య.

మూలం

"రెస్పెక్టెడ్ మేడమ్, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్ దట్ ఐయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్. మై గ్రాండ్‌మదర్ టోల్డ్ డోంట్ డూ హెడ్ బాత్. బట్ ఐ డిడ్ హెడ్ బాత్, ఫీవర్ కేమ్ అగైన్. సో ఐ కెనాట్ ఏబుల్ టు కమ్ టు స్కూల్. కైండ్‌లీ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్ అండ్ ఆబ్లైజ్."

ప్రతిపదార్థం

రెస్పెక్టెడ్ మేడమ్ = పూజ్యురాలవగు ఓ ఉపాధ్యాయినీ; విత్ డ్యూ రెస్పెక్ట్ = తగినంత గౌరవముతో (పైన ఒకమారు చూపినది చాలదేమోనను శంకతో మరల చూపుట); ఐ = నేను; బెగ్ టు స్టేట్ దట్ = విన్నవించుకొనుటకై యాచించుచున్నది ఏమనగా; ఐయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ = జ్వరపీడితురాలనై యున్నాను; సిన్స్ టూ డేస్ = రెండు దినములనుండి; మై గ్రాండ్‌మదర్ = మా అమ్మమ్మ; డోంట్ డూ హెడ్ బాత్ = తలస్నానము చేయవద్దని; టోల్డ్ = చెప్పెను; బట్ = అయినను; ఐ డిడ్ హెడ్ బాత్ = చేసితిని; ఫీవర్ కేమ్ అగైన్ = జ్వరము తిరుగబెట్టెను; సో = అందువలన; ఐ కెనాట్ ఏబుల్ టు కమ్ టు స్కూల్ = బడికి రాజాలను, రాలేను; కైండ్‌లీ = దయతో; గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్ = రెండు దినములు సెలవు ప్రసాదింపుడు; అండ్ ఆబ్లైజ్ = ఈ మాటకు అర్థము కర్త్రికిని తెలియదు, గైడును చెప్పదు, పరంపరగా వచ్చుచున్నది.

ప్రక్షిప్త విచారం

పాత కావ్యాన్ని పరిష్కరించేవారు ముందుగా చేసే పని, కవి రాసిందేదో తర్వాతివాళ్లు చొప్పించిందేదో తేల్చడం. ఇక్కడ ఆ పని సుళువు. మొదటి వాక్యం, చివర ఉన్న 'సిన్స్ టూ డేస్' తప్ప, గైడులోది. అయిదో వాక్యమూ గైడులోదే. దొరల కాలంలో గుమాస్తాలు పెట్టుకున్న అర్జీల భాష ఇది. దొరలు వెళ్లిపోయారు, అర్జీ మాత్రం బడిలో ఉండిపోయింది. పన్నెండేళ్ల పిల్ల జ్వరమొచ్చిందని చెప్పడానికి 'బెగ్' చేయవలసి రావడం దాని చలవే.

మధ్యనున్న మూడు వాక్యాలూ పిల్ల సొంతం. అమ్మమ్మ ఏ గైడులోనూ లేదు. తలస్నానం ఏ గైడులోనూ లేదు. ఒక ఆజ్ఞ, దాన్ని మీరడం, మీరినందుకు ఫలం అనుభవించడం: ఇతిహాసానికి కావలసిన సరుకంతా ఈ మూడు వాక్యాల్లో ఉంది. పైగా తప్పు తనదేనని నాయిక ఒప్పుకోవడం మరో విశేషం.

దీన్నిబట్టి ఒక సూత్రం కట్టవచ్చు. ఈ తరహా చీటీల్లో తప్పు లేని చోటు తరచు ప్రక్షిప్తం, తప్పులున్న చోటు మూలం.

ఎర్రసిరా వ్యాఖ్య

ఇప్పుడు పూర్వవ్యాఖ్యాత చేసిన పని చూద్దాం. గైడు వాక్యాలు రెంటికీ చెరో టిక్కు. 'సిన్స్' చుట్టూ సున్నా, పైన 'ఫర్'. 'టోల్డ్ డోంట్' కింద పాముగీత. 'హెడ్ బాత్' రెండుసార్లు వచ్చింది గనుక రెండు సున్నాలు, మార్జిన్‌లో ఒక ప్రశ్నార్థకం. 'కెనాట్ ఏబుల్' మీద అడ్డగీత. అడుగున ఆశీర్వచనం: 'టూ మెనీ మిస్టేక్స్. రైట్ ఫైవ్ టైమ్స్.' దాని కింద పొట్టి సంతకం, తేదీ.

ఏది అయిదుసార్లు రాయాలో వ్యాఖ్యాత చెప్పలేదు. పిల్ల తెలివైనది. టిక్కు పడ్డ వాక్యాలే అయిదుసార్లు రాసింది. తర్వాతి కాంపోజిషన్‌లో అమ్మమ్మ లేదు, తలస్నానం లేదు, తప్పు కూడా లేదు. అన్నీ టిక్కులే. ప్రక్షిప్తాన్ని మెచ్చుకుని మూలాన్ని కొట్టేస్తే జరిగేదిదే. ఇంగ్లిషు రాయడం మానేస్తే ఇంగ్లిషులో తప్పులు రావని ఆ పిల్లకు అర్థమైంది.

ఇక అధికారి సంగతి. ఎర్రసిరా వ్యాఖ్యను చదవవలసింది ఎవరు? పిల్ల అని అమాయకులు అంటారు. ఎంఈఓ గారు తనిఖీకి వచ్చినప్పుడు 'నోట్స్ కరెక్షన్ అయిందా' అని తిరగేసేది ఆ పేజీలనే. పేరెంట్స్ మీటింగులో నాన్నగారు వెతికేదీ ఎర్రగీతలనే. గీత లేని పేజీ కనిపిస్తే 'మేడమ్ చూడనే లేదు' అంటారు. కనుక అధికారి అంటే ఇక్కడ అధికారే అని సిద్ధాంతం.

దోష విచారం

మూలంలో దోషాలు లేవని మా వాదం కాదు. ఉన్నాయి, నాలుగు. అయితే నాలుగూ ఒక జాతివి కావు.

మొదటిది 'సిన్స్ టూ డేస్'. తెలుగులో సోమవారం నుంచి అన్నా, రెండు రోజుల నుంచి అన్నా ఒకటే 'నుంచి'. ఇంగ్లిషులో మొదలైన రోజు చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. పైగా అక్కడ క్రియ 'హావ్ బీన్ సఫరింగ్' కావాలి, మనకు 'బాధపడుతున్నాను' సరిపోతుంది. పిల్ల ఒళ్లు మరచి రాయలేదు, తన భాషలోని నియమాన్ని నమ్మకంగా పాటించింది. రేపు రాసినా ఇలాగే రాస్తుంది.

రెండవది 'టోల్డ్ డోంట్ డూ'. వద్దు 'అని' చెప్పింది అనడంలోని ఆ 'అని' మన భాషలో మహా ఉపకారి. ఎవరన్న మాటనైనా ఉన్నదున్నట్టు ఎత్తి వాక్యంలో కూర్చోబెడుతుంది. ఇంగ్లిషులో దానికి సాటి దొరక్క పిల్ల అక్కడ ఖాళీ వదిలింది. 'టోల్డ్ మీ నాట్ టు' అన్నది ఆమెకు ఇంకా అందలేదు.

మూడవది 'కెనాట్ ఏబుల్'. ఇది పునరుక్తి. కెన్ ఒక పాఠంలో, ఏబుల్ మరో పాఠంలో వచ్చాయి. ఏది వదిలితే ఏం కొంప మునుగుతుందోనని రెండూ పెట్టింది. చదివి వినిపించమంటే తనే దిద్దుకోవచ్చు.

నాలుగవది 'హెడ్ బాత్'. తలకు స్నానం, షష్ఠీ తత్పురుషం. తెలిసిన రెండు మాటలతో తెలియని మూడో మాటను కట్టుకోవడం చిన్న ప్రతిభ కాదు. ఆలంకారికులు దోషాలను నిత్యదోషాలు, అనిత్యదోషాలు అని విడదీశారు. అనిత్యదోషం ఒకచోట దోషం, ఇంకొకచోట కాదు. హెడ్ బాత్ ఈ రెండో కోవది. లండన్‌లోని స్నేహితురాలికి ఉత్తరం రాస్తే 'వాష్‌డ్ మై హెయిర్' అనాలి. ఇక్కడి మేడమ్‌కు రాసినప్పుడు, ఆవిడ కూడా స్టాఫ్‌రూమ్‌లో శుక్రవారం హెడ్ బాత్ అనే అంటున్నప్పుడు, ప్రశ్నార్థకం ఎవరికోసం? కో బ్రదర్, కజిన్ సిస్టర్, ఔట్ ఆఫ్ స్టేషన్ కూడా ఈ కోవలోవే. కొట్టేయడం కాదు, ఎక్కడ చెల్లుతుందో ఎక్కడ చెల్లదో చెప్పడం గురుధర్మం.

తప్పులను ఇలా జాతులుగా విడదీయడం మా కల్పన కాదు. 1967లో పిట్ కోర్డర్ అనే భాషాశాస్త్రవేత్త నేర్చుకునేవాళ్ల తప్పుల మీద ఒక వ్యాసం రాస్తూ, చేతి పొరపాటు వేరు, నియమం ప్రకారమే వచ్చే తప్పు వేరు అన్నాడు. రెండో రకం తప్పు, పిల్ల ఎంతవరకు వచ్చిందో టీచరుకు తెలియజేసే సాక్ష్యం. ఈ చీటీలో అలాంటి సాక్ష్యాల చుట్టూ సున్నాలు పడ్డాయి తప్ప, వాటిని చదివినవారు లేరు.

పూర్వపక్షం

'తప్పు దిద్దకుండా వదిలితే అది పాతుకుపోదా?' అని శంక. న్యాయమైనదే. 1972లో లారీ సెలింకర్, కొన్ని తప్పులు శిలాజాల్లా గట్టిపడి ఎన్నేళ్లయినా పోవని చెప్పాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసు ఉన్న ఆఫీసరు గారి నోట 'ఐ యామ్ నోయింగ్ హిమ్ సిన్స్ టెన్ ఇయర్స్' విన్నవారికి దీనికి వేరే నిదర్శనం అక్కర్లేదు.

'అయితే అన్నీ దిద్దాల్సిందే కదా?' అని మరల శంక. కాదు. 1996లో జాన్ ట్రస్కాట్ అనే పండితుడు, పరభాషలో రాసేవాళ్లకు వ్యాకరణం దిద్దడమే దండగ, మానేయమన్నాడు. డానా ఫెరిస్ 1999లో దాన్ని ఖండించింది. ఈ ఖండనమండనాల నడుమ న్యూజీలాండ్‌లో జాన్ బిచెనర్ ఒక పని చేశాడు. ఇంగ్లిషులోని 'ఎ', 'ద' అనే రెండు చిట్టి మాటలను, వాటి రెండు వాడుకలను మాత్రమే ఎంచుకుని, మిగతా తప్పులను ముట్టుకోకుండా దిద్దించాడు. అలా దిద్దించుకున్నవాళ్లు ఆ రెండు వాడుకల్లో మెరుగుపడ్డారని 2008లో ప్రచురించాడు. తెలుగులో లేని ఆ చిట్టి మాటలు మన పిల్లలను ఎంత పీడిస్తాయో తెలిసినవారికి ఈ ఫలితం చిన్నది కాదు.

కనుక సిద్ధాంతం: అన్నీ దిద్దడం వృథా, ఏదీ దిద్దకపోవడం ద్రోహం, ఒకటి ఎంచుకుని దిద్దడం పాఠం.

'అరవై నోట్‌బుక్కులు, ఎవరికి తీరిక?' అని చివరి శంక. ఒక్కోదానికి నాలుగు నిమిషాల చొప్పున సున్నాలు చుడితే నాలుగు గంటలు. చదివి ఒక్క మాట రాస్తే రెండేసి నిమిషాలు, రెండు గంటలు. తీరిక లేనివారికి మా పద్ధతే చవక.

సంజీవని

మెదక్ దగ్గరి కొల్చారం తమదని అక్కడివారు గర్వంగా చెప్పుకునే కోలాచల మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రాశాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తగిలి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని, దాన్ని బతికించడానికే ఆ పేరని ఆయనే చెప్పుకున్నాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ కూడా చేశాడు. నోట్‌బుక్కు దిద్దేవారికి ఇంతకు మించిన శిక్షణ తరగతి లేదు. ఆ ప్రతిజ్ఞను పాటిస్తే ఈ చీటీ కింద పడవలసిన వ్యాఖ్య ఇది:

"జ్వరం తగ్గిందా అమ్మా? అమ్మమ్మ మాట వినకపోతే ఇంతే! ఆ మూడు వాక్యాలూ నీవి, చాలా బాగున్నాయి. 'సిన్స్', 'ఫర్' తేడా ఒకసారి పుస్తకంలో చూసి, మీ ఇంట్లోవాళ్లు ఎన్నాళ్లుగా ఏం చేస్తున్నారో రెండు వాక్యాలు రాసి చూపించు. 'కెనాట్ ఏబుల్' నువ్వే దిద్దుకో."

ఇందులో మొదటి మాట అర్థానికి జవాబు. రెండో మాట, ప్రక్షిప్తం కాక మూలం ఏదో గుర్తించడం. మూడోది ఒకే ఒక్క పాఠం, దానికి అభ్యాసం. నాలుగోది తనకు వచ్చిన పని తననే చేసుకోనివ్వడం. 'టోల్డ్ డోంట్' వచ్చే నెలకు వాయిదా. హెడ్ బాత్ జోలికి పోలేదు. తెలుగులో రాయవచ్చునా అంటే, ఈ వ్యాఖ్యకు అధికారి పిల్ల గనుక, పిల్లకు అర్థమయ్యే భాషలోనే రాయాలి.

తాత్పర్యం

జ్వరం వచ్చిన పిల్ల, అమ్మమ్మ వద్దన్నా తలస్నానం చేసి, జ్వరం తిరగబెట్టించుకుని, ఆ సంగతి దాచకుండా టీచరుకు ఇంగ్లిషులో చెప్పింది. టీచరుకు అర్థమైంది. రాత చేయవలసిన పని చేసింది. మిగిలింది మెరుగుపరచడమే అని భావం.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను పఠించిన ఉపాధ్యాయులకు ఎర్రసిరా ఆదా అవుతుంది. విన్న తల్లిదండ్రులకు గీతలు లెక్కపెట్టే దురలవాటు పోతుంది. తనిఖీ అధికారులకు మా మనవి ఒకటే: ఈసారి నోట్‌బుక్కు తీసినప్పుడు ఎన్ని తప్పులు దిద్దారని కాదు, పిల్ల సొంతంగా రాసిన వాక్యాలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఒక్కటీ లేకపోతే, పేజీ నిండా టిక్కులున్నా సరే, ఆ క్లాసులో ఇంగ్లిషు పాఠం జరగలేదని రిపోర్టులో రాయండి.