సెకన్ల శాస్త్రి

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలో కానీ, ప్లేనోలో కానీ, ఇర్వింగ్‌లో కానీ పుట్టినరోజు పేరు చెప్పి పదిమంది తెలుగువాళ్ళు పోగయ్యారంటే వాళ్ళలో ఒక సెకన్ల శాస్త్రి ఉండి తీరతాడు. శాస్త్రి అన్నది ఆయన ఇంటిపేరూ కాదు, ఒంటిపేరూ కాదు. ఏ కారు సున్నా నుంచి 60 మైళ్ళ వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు తీసుకుంటుందో దశాంశంతో సహా, ఎవరూ అడక్కుండానే చెబుతాడు కాబట్టి జనం ఇచ్చుకున్న బిరుదు. వయసు నలభైకి అటో ఇటో. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నడిపేది మాత్రం హైబ్రిడ్ ఎస్‌యూవీ. వెనక సీట్లో పిల్లలు పారబోసిన చీరియోస్ పొడి, ముందు డాష్‌బోర్డు మీద ఆంజనేయస్వామి.

శాస్త్రికి అన్ని స్పోర్ట్స్ కార్ల మీదా ఆసక్తి లేదు. ఫెరారీ ఊసెత్తితే "అవన్నీ మనకెందుకులెండి" అని సన్యాసిలా నవ్వుతాడు. ఆయన సామ్రాజ్యమంతా కింది మెట్టు మీదే: ముప్ఫై వేల డాలర్ల పైచిలుకుకు దొరికే టొయోటా జీఆర్86, దాని కవల సుబారు బీఆర్‌జెడ్, మాజ్డా మియాటా, ఫోర్డ్ మస్టాంగ్‌లో నాలుగు సిలిండర్ల ఎకోబూస్ట్. వీటిలో ఏదైనా ఆయన రేపు పొద్దున్నే కొనగలడు. కొనలేని కారు గురించి మాట్లాడితే కబుర్లు. కొనగలిగీ కొనని కారు గురించి ఏళ్ళ తరబడి మాట్లాడాలంటే దానికి తపస్సు కావాలి.

కార్లను పోల్చేటప్పుడు ఆయన వరస అచ్చం పెళ్ళికి జాతకాల పొంతన చూసే పెద్దమనిషిది. గుణాలెన్ని కలిశాయి, దోషమెక్కడుంది, దానికి శాంతి ఏమిటి, అంతా కాగితం మీదే తేలిపోవాలి. పిల్లా పిల్లాడూ ఎదురుబదురు కూర్చుని చూసుకోవలసిన పని లేదు.

ముఖ్యంగా దోషాల దగ్గర ఆయన జ్ఞాపకశక్తి అమోఘం. 2012లో వచ్చిన మొదటి తరం టొయోటా 86లో రెండు లీటర్ల ఇంజిను ఉండేది. 200 హార్స్‌పవర్. ఇంజిను నిమిషానికి నాలుగు వేల చుట్ల దగ్గరకు వచ్చేసరికి టార్క్, అంటే చక్రాన్ని తిప్పే ఊపు, చప్పున జారిపోయేది, ఆ తర్వాత మళ్ళీ లేచేది. ఆ పల్లం గురించి ఆనాడు లోకమంతా గోల పెట్టింది. 2022 మోడల్‌కి ఇంజినును 2.4 లీటర్లకు పెంచి, 228 హార్స్‌పవర్ ఇచ్చి, పూర్తి టార్క్ 3,700 చుట్ల దగ్గరే అందేలా చేసి కంపెనీ ఆ పల్లాన్ని పూడ్చింది. శాస్త్రి ఇంకా పూడ్చలేదు. "అంతా బానే ఉందిగానీ మధ్యలో ఆ నీరసం..." అని ఇప్పటికీ పెదవి విరుస్తాడు.

ఇక కవలల సంగతి. జీఆర్86, బీఆర్‌జెడ్ రెండూ జపాన్‌లో ఒకే సుబారు ఫ్యాక్టరీలో తయారవుతాయి. ఇంజిను ఒకటే, గేర్‌బాక్సు ఒకటే, తలుపులూ ఒకటే. స్ప్రింగుల బిగింపులో కాస్త తేడా ఉంటుంది, దానివల్ల టొయోటా తోక కొంచెం తొందరగా తిప్పుతుంది. ఈ కాస్త తేడా మీద ఆయన ఒక దీపావళి పార్టీలో పానీపూరీల దగ్గర మొదలుపెట్టి గులాబ్‌జామూన్ల దాకా మాట్లాడాడు. వింటున్నాయన గోడకి ఆనుకుని ఉన్నాడు కాబట్టి పడిపోలేదు.

ఒక శనివారం ఫ్రిస్కో హనుమాన్ గుడి పార్కింగులో శాస్త్రి విశ్వరూపం కనిపించింది. పట్టుపంచె, కండువా, చేతిలో కొబ్బరిచిప్ప. ఎవరిదో ఎర్ర జీఆర్86 ఆగి ఉంది. పంచె ఎగ్గట్టి, టైరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దాని మీది అక్షరాలు వేలితో తడుముతూ చదువుతున్నాడు. "215/45, 17 అంగుళాలు. మిషలిన్ ప్రైమసీ. ఛ, బేస్ మోడల్. ప్రీమియం అయితే పైలట్ స్పోర్ట్ 4 వచ్చేది." ప్రసాదం తింటున్న పిల్లలిద్దరు చుట్టూ చేరారు, ఏదో పూజ అనుకుని.

అక్కడే ఒక వరంగల్ కుర్రాడు దొరికిపోయాడు. కొత్తగా ఉద్యోగంలో చేరాడు, ఇంకా ఎవరిని ఏమి అడగకూడదో తెలియదు.

"అన్నా, నేను గిదే తీస్కుందామనుకుంటున్న. మంచిగుంటదా?"

"మంచీ చెడ్డా తర్వాత తమ్ముడూ. మాన్యువలా, ఆటోమేటికా?"

"మాన్యువలే."

"అయితే 6.1. ఆటోమేటిక్ అయితే 6.6. అది కంపెనీ లెక్క. పత్రికలవాళ్ళు కొలిస్తే తగ్గుతుంది. ఎందుకో చెప్పు?"

కుర్రాడు దేవుడి వైపు చూశాడు.

"రోల్‌అవుట్! బండి మొదటి అడుగు దూరం కదిలాక గానీ వాళ్ళు గడియారం నొక్కరు. డ్రాగ్ రేసుల నుంచి వచ్చిన అలవాటు. అక్కడే సెకనులో రెండు మూడు పదో వంతులు మిగిలిపోతాయి. కాబట్టి ఎవరైనా నంబరు చెబితే ముందు అడగాల్సింది, రోల్‌అవుట్ తీసేశారా అని."

ఈ విషయంలో శాస్త్రి చెప్పింది అక్షరాలా నిజం. ఆయనతో వచ్చిన చిక్కే అది, తప్పులు చెప్పడు. తప్పులు చెబితే హాయిగా లేచిపోవచ్చు.

అంతలో ఆ పక్కనే తన హోండా ఒడిస్సీలోకి ముగ్గురు పిల్లల్ని, వాళ్ళ అమ్మమ్మని, ఒక పులిహోర గిన్నెని ఎక్కిస్తున్న ఒకావిడ తల తిప్పింది. "శాస్త్రిగారూ, ఆ కారు హార్స్‌పవర్ ఎంతండీ?"

"228 అమ్మా."

"మా వ్యానుది 280 అని రాసుందే!"

నిజమే. ఒడిస్సీది 280. టొయోటా సొంత వ్యాను సియెన్నాకే 245 ఉంది. డల్లాస్ తెలుగు ఇళ్ళ ముందు నిలబడ్డ డొక్కు వ్యాన్లన్నీ బలంలో ఈ స్పోర్ట్స్ కారుకి అన్నలే. పైగా ఎదురింటాయన గోంగూర కట్టలు తెచ్చుకునే టెస్లా మోడల్ వై లాంగ్ రేంజ్ 4.8 సెకన్లలో అరవై అందుకుంటుంది, ఒక్క చప్పుడు లేకుండా.

శాస్త్రి తడబడలేదు. "బలం కాదమ్మా, బరువు చూడాలి. మీ బండిలో ఒక్కో గుర్రం నెత్తిన పదహారు పౌన్ల పైనే. జీఆర్86లో పన్నెండు చిల్లర. మియాటాకి ఉన్నవి 181 గుర్రాలే అయినా బండే 2,340 పౌన్ల దగ్గర తూగుతుంది, అంటే పదమూడు లోపే. మస్టాంగ్‌కి 315 గుర్రాలు, పదకొండు చిల్లర, కానీ 2024 నుంచి ఎకోబూస్ట్‌లో మాన్యువల్ తీసేశారు. ఇంకేం లాభం?" ఆవిడ అప్పటికే రివర్స్ గేరు వేసింది.

నన్నడిగితే ఇలాంటి కార్లను సెకన్లతో కొలవడమే కోరి ఓడిపోవడం. తిన్నగా పరిగెత్తడంలో ఎలక్ట్రిక్ బండి వీటిని ఎప్పుడో దాటేసింది. ఇంజిను పడుకున్నట్టు కిందికి ఉండటం, బరువు తక్కువ కావడం, వెనక చక్రాలు తోయడం, ఇవన్నీ తెలిసివచ్చేది మలుపులో. మలుపు లోపలికి దిగేటప్పుడు స్టీరింగు వేళ్ళకి చెప్పే మాట ఏ పట్టికలోనూ ఉండదు. మియాటా 1989లో షికాగో ఆటో షోలో కనిపించిన నాటి నుంచీ మందకొడి బండే. అయినా 2016 నాటికి పది లక్షలు తయారయ్యాయి. అన్ని లక్షలమంది గడియారం చూసి కొన్నారంటే నేను నమ్మను.

అయితే పాపం, డల్లాస్‌లో మలుపేదీ? ఊరంతా చదరంగపు గళ్ళు, నేలంతా బల్లపరుపు. హైవే ఎక్కే గుండ్రటి ర్యాంపే మనకి ఘాట్ రోడ్డు. సిసలైన వంపులు కావాలంటే దక్షిణాన హిల్ కంట్రీ దాకా పోవాలి, లేదా డబ్బు కట్టి ఆస్టిన్‌లో ఇరవై మలుపుల ఫార్ములా వన్ ట్రాక్ ఎక్కాలి. శాస్త్రికి జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ 20.8 కిలోమీటర్లూ మలుపు మలుపూ కంఠస్థం. ఆస్టిన్ మాత్రం వీసా స్టాంపింగు పూర్తయ్యాక వెళదామనుకుంటున్నాడు.

ఇంట్లో ఆయన మాటకు ఎదురులేదని కాదు. ఒకరోజు భోజనాల దగ్గర "జీఆర్86లో వెనక సీటు మడిస్తే నాలుగు టైర్లు పడతాయి, ట్రాకుకి వెళ్ళేవాళ్ళ కోసం అలా చేశారు" అన్నాడు. వాళ్ళావిడ చారు వడ్డిస్తూ ఆగి, "అంటే సోనామసూరి బస్తాలు ఎన్ని?" అంది. ఆయన లెక్క వేసి నాలుగైదు అన్నాడు. "వచ్చే నెల తెనాలి నుంచి అత్తయ్యగారు వస్తున్నారు. ఆవిణ్ణి మడిచిన సీటు మీద కూర్చోబెడతారా, విప్పిన సీటు మీదా?" విప్పిన సీట్లో కూడా కాళ్ళు పట్టవు. ఆ సంగతి పత్రికలన్నీ రాశాయి, ఆయనకు తెలుసు. అందుకే మాట్లాడకుండా చారు పోసుకున్నాడు.

వరంగల్ కుర్రాడు మొత్తానికి జీఆర్86 కొన్నాడు. మాన్యువలే. తెచ్చి శాస్త్రి ఇంటి ముందు ఆపి, "అన్నా, ముందుగాల నువ్వే నడపాలె" అని తాళం చేతిలో పెట్టాడు. శాస్త్రి కూర్చున్నాడు. సీటు ముందుకి జరిపాడు, వెనక్కి జరిపాడు. స్టార్టు చెయ్యకుండానే క్లచ్ తొక్కి ఆరు గేర్లూ వేసి చూశాడు. మూడు నుంచి రెండుకి దించేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు. దిగి తాళం తిరిగి ఇచ్చేశాడు.

"ఇన్సూరెన్స్‌లో నా పేరు లేదు కదా తమ్ముడూ."

చిన్న స్పోర్ట్స్ కారు కొనాలనుకునే డల్లాస్‌వాళ్ళకి నా మనవి ఇది. కొనకముందు శాస్త్రి దగ్గరికి పోకండి, ఆర్నెల్లు పోతాయి, ఈలోగా కొత్త మోడల్ వస్తుంది, ఆయన మళ్ళీ మొదటికొస్తాడు. కొన్నాక మాత్రం తప్పకుండా వెళ్ళండి. టైర్లలో గాలి ఎంత ఉండాలో ఆయన చెప్పినంతే పెట్టుకోండి. ఊళ్ళో టైరు షాపులవాళ్ళకన్నా ఆయనకే బాగా తెలుసు.